మంచు మీద తొలిసారి: స్కీలు వేసుకోవాలా, స్నోబోర్డు ఎక్కాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. వచ్చే చలికాలంలో స్నేహితులతో కలిసి మంచు కొండలకు వెళ్లే ఏర్పాట్లలో ఉన్నాను. నేను ఇంతవరకు స్కీయింగ్ (రెండు పాదాలకూ చెరో పొడవాటి పలక, అంటే స్కీ, బిగించుకుని మంచు మీద జారడం) గానీ స్నోబోర్డింగ్ (రెండు పాదాలనూ ఒకే పలకకు బిగించుకుని జారడం) గానీ చేసి ఎరుగను. మాతో వచ్చేవారిలో కొందరు స్కీలు వేసుకునేవారు, కొందరు బోర్డు మీద వెళ్లేవారు కావడంతో ఎవరిని అడిగితే వారు తమ పద్ధతే మేలని చెబుతున్నారు. స్కీయింగ్ మొదలుపెట్టడం సులువనీ, అందులో నేర్పు సంపాదించడం కష్టమనీ, స్నోబోర్డింగ్ విషయంలో ఇది తలకిందులుగా ఉంటుందనీ అందరూ అంటున్నారు. ఎందుకలా ఉంటుందో విడమరిచి చెప్పినవారు మాత్రం ఇంకా దొరకలేదు. కారణం తెలియకుండా ఆ మాటను పట్టుకుని నిర్ణయం తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

నా సంగతి కొంచెం చెబితే సలహా ఇవ్వడానికి వీలుగా ఉంటుంది. వయసు నలభైకి దగ్గర పడింది. రోజూ నడుస్తాను, అప్పుడప్పుడు సైకిలు తొక్కుతాను, స్కేట్‌బోర్డు వంటివి ఎన్నడూ ఎక్కలేదు. చాలా ఏళ్ల క్రితం కుడి మోకాలు మెలిపడింది. అది మానిపోయింది గానీ మెట్లు దిగేటప్పుడు ఎప్పుడైనా పట్టేసినట్టు అనిపిస్తుంది. నా పనంతా కంప్యూటరు మీదే కాబట్టి చేతికి దెబ్బ తగిలితే ఉద్యోగం సాగదు. అక్కడ ఉండేది కొద్ది రోజులే. ఆ రోజులు పూర్తయ్యేసరికి తక్కువ వాలు ఉన్న దారిలో పైనుంచి కిందికి నా అంతట నేను, భయం లేకుండా దిగిరాగలిగితే చాలు.

ఈ పరిస్థితిలో దేనితో మొదలుపెట్టడం మంచిది? సగం రోజులు ఒకటి, సగం రోజులు ఇంకొకటి ప్రయత్నించి చూసి, నచ్చినదాన్ని ఎంచుకోవడం తెలివైన పనేనా? ఒకదానితో మొదలుపెడితే తరువాత రెండోదానికి మారడం కష్టమవుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1

నమస్కారమండీ. మీరు కారణం అడిగారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. స్కీలు వేసుకున్నప్పుడు ముఖం వెళ్లే దిక్కుకే ఉంటుంది, రెండు కాళ్లూ విడివిడిగా కదులుతాయి, ఒక కాలు తడబడితే రెండో కాలు ఆదుకుంటుంది. నడకలో శరీరానికి అలవాటైన సమతౌల్యమే ఇక్కడా చాలావరకు పనికి వస్తుంది. బోర్డు మీద అలా కాదు. రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉంటాయి, శరీరం పక్కకు తిరిగి ఉంటుంది, తడబడితే అడుగు మార్చుకునే అవకాశం లేదు. తొలి రోజున కనిపించే తేడా అంతా ఇందులోనే ఉంది.

స్కీయింగ్‌లో మొదట నేర్పేది స్నోప్లౌ. స్కీల ముందు కొసలను దగ్గరకు చేర్చి, మడమలతో వెనక కొసలను ఎడంగా తోస్తే రెండు స్కీల లోపలి అంచులు మంచును గీరుకుంటూ వేగాన్ని తగ్గిస్తాయి. ఎడం పెంచితే ఆగుతారు, తగ్గిస్తే జారుతారు. కుడి స్కీ మీద బరువు ఎక్కువ వేస్తే ఎడమకు తిరుగుతారు, ఎడమ స్కీ మీద వేస్తే కుడికి తిరుగుతారు. ఆగడం, తిరగడం అనే రెండు అవసరాలూ ఇలా ఒకే భంగిమతో తీరిపోతాయి కాబట్టి, శిక్షకుడి దగ్గర సరిగా నేర్చుకున్న చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే తక్కువ వాలు మీద తమంతట తాము దిగగలుగుతారు. మీరు కోరుకున్నది సరిగ్గా ఇదే.

ఇక కష్టం ఎక్కడ మొదలవుతుందంటే, ఆ స్నోప్లౌను వదిలి రెండు స్కీలనూ సమాంతరంగా ఉంచి మలుపు తిప్పవలసి వచ్చినప్పుడు. వాలు పెరిగేకొద్దీ స్నోప్లౌ తొడలను అలసటకు గురిచేస్తుంది, వేగాన్ని కూడా అంతగా ఆపలేదు. అప్పుడు మలుపు బయటి వైపున్న స్కీ మీద బరువు నిలిపి, శరీరాన్ని కింది లోయ వైపుకు ముందుకు వంచగలగాలి. భయం వేసినప్పుడు మనిషి శరీరం సహజంగా వెనక్కి, కొండ వైపుకే వాలుతుంది. అలా వాలగానే స్కీల ముందు భాగం తేలికై, చెప్పిన మాట వినడం మానేసి, వేగం ఇంకా పెరుగుతుంది. ఈ సహజ స్పందనను జయించడానికే సంవత్సరాలు పడుతుంది. నేర్పు సంపాదించడం కష్టమని అందరూ అనేది దీని గురించే. తక్కువ వాలు మీద దిగడంతో సంతృప్తి పడే మీకు ఆ కష్టం ఇప్పట్లో ఎదురు కాదు.

పాత తరం వారు చెప్పే కష్టాలన్నీ ఇప్పటికీ వర్తిస్తాయని అనుకోకండి. 1990ల ముందు వరకు స్కీలు మనిషి కంటే బాగా పొడవుగా, దాదాపు తిన్నని అంచులతో ఉండేవి. ఆ దశాబ్దంలో నడుము సన్నగా, రెండు కొసలూ వెడల్పుగా ఉండే స్కీలు వ్యాప్తిలోకి వచ్చాక, స్కీని పక్కకు వంచితే చాలు, దాని అంచు వంపే మలుపు తిప్పుతోంది. కొత్తవారికి ఇచ్చే స్కీలు ఇప్పుడు గడ్డానికీ ముక్కుకూ మధ్య ఎత్తులో ఉంటాయి, వాటిని తిప్పడానికి పెద్ద బలం అక్కర్లేదు.

సమయం తక్కువ, ఆశయం పరిమితం అయినప్పుడు నా ఓటు స్కీలకే.

సమాధానం 2

పైన చెప్పినవాటిలో దేన్నీ నేను కాదనను. అయితే నేను బోర్డు మీద వెళ్లే మనిషిని, ఆ వైపు మాట కూడా మీకు సరిగా తెలియాలి.

బోర్డుకు రెండు అంచులు ఉంటాయి: ఒకటి మడమల వైపు, ఒకటి మునివేళ్ల వైపు. వాలుకు అడ్డంగా నిలబడినప్పుడు కొండ పై వైపున్న అంచు మంచులో దిగి ఉండాలి, కింది వైపు అంచు మంచుకు తగలకుండా కొద్దిగా లేచి ఉండాలి. కొత్తవారు అలసిపోయో, అదుపు తప్పో బోర్డును చదునుగా పడనిచ్చిన మరుక్షణం కింది అంచు మంచులో గుచ్చుకుంటుంది. బోర్డు అక్కడికక్కడే ఆగిపోతుంది, శరీరం మాత్రం ఆగదు. మడమల వైపు అంచు గుచ్చుకుంటే వీపు మీద, మునివేళ్ల వైపు అంచు గుచ్చుకుంటే మోకాళ్ల మీద, అరచేతుల మీద పడతారు. ఈ పడటానికి హెచ్చరిక ఏదీ ఉండదు. తొలి రోజుల్లో స్నోబోర్డింగ్ కష్టమనడానికి అసలు కారణం ఇదే. ఏ అంచు మీద ఉన్నామో పాదాలకు తెలిసేంత వరకు ఇది జరుగుతూనే ఉంటుంది. పాదాలకు తెలిసిన తరువాత దాదాపుగా పోతుంది.

మంచి శిక్షకులు అందుకే కొత్తవారిని వెంటనే మలుపుల్లోకి దించరు. మొదట ఒక కాలు మాత్రమే బిగించి చదును నేల మీద జారడం, తరువాత మడమ అంచు మీద నిలబడి నెమ్మదిగా కిందికి జారడం, ఆ తరువాత అదే అంచు మీద ఉండి చూపు తిప్పిన వైపుకు అటూ ఇటూ ఊగుతూ దిగడం, ఆపై మునివేళ్ల అంచుతో అదే సాధన. ఈ వరసను ఓపికగా పాటించిన వారికి రెండు అంచుల మధ్య మారడం, అంటే నిజమైన మలుపు, అంత భయంకరంగా అనిపించదు. ఆ ఒక్క గడప దాటాక ముందున్న దారి చాలా సాఫీగా ఉంటుంది. తక్కువ వాలు మీద నేర్చుకున్న మలుపే కొద్దిపాటి మార్పులతో ఎక్కువ వాలు మీదా పనిచేస్తుంది. స్కీయింగ్‌లో స్నోప్లౌను విడిచిపెట్టి కొత్త పద్ధతి నేర్చుకోవలసి వచ్చినట్టు ఇక్కడ నేర్చుకున్నదాన్ని వదులుకోనక్కర్లేదు. నేర్పు సంపాదించడం సులువన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇది.

వయసు గురించి సందేహం ఉంటే దాన్ని పక్కన పెట్టండి. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన పిల్లల ఆట కోసం రెండు స్కీలను కలిపి బిగించి చేసిన స్నర్ఫర్ అనే పలకతో ఈ క్రీడ ఆధునిక చరిత్ర మొదలైందని చెబుతారు. ఒలింపిక్స్‌లోకి 1998లో, నగానోలో వచ్చింది. తొలి తరం వారు ఇప్పుడు అరవైలు, డెబ్బైలు దాటినవారు. కుర్రవాళ్ల ఆట అన్న పేరు పాతబడిపోయింది. ఆ పేరు తాలూకు అడ్డంకులు మాత్రం కొన్ని చోట్ల మిగిలే ఉన్నాయి: అమెరికాలోని ఆల్టా, డీర్ వ్యాలీ, మ్యాడ్ రివర్ గ్లెన్ అనే మూడు కొండల మీద స్నోబోర్డులను అనుమతించరు. మీరు వెళ్లే చోట ఆ నియమం ఉండకపోవచ్చు, అయినా ముందే కనుక్కోండి.

సగం సగం ప్రయత్నించాలన్న ఆలోచన మాత్రం మానుకోండని గట్టిగా చెబుతాను. రెండింటిలోనూ బాధాకరమైన భాగం తొలి రోజుల్లోనే ఉంటుంది. మీరు రోజులను పంచుకుంటే రెండింటి కష్టాన్నీ పూర్తిగా అనుభవించి, రెండింటి ఫలితాన్నీ చూడకుండానే తిరిగి వస్తారు. బోర్డు సంగతి మరీ ముఖ్యం; అందులో ఫలితం కనిపించేది తొలి రోజుల తరువాతే. ఏదో ఒకటి ఎంచుకోండి, చివరి రోజు వరకు దానితోనే ఉండండి.

ఇంకొకటి, మంచు స్థితి. రాత్రి గడ్డకట్టి పొద్దున్నే గాజులా గట్టిగా ఉన్న మంచు మీద బోర్డు నేర్చుకోవడం నిజంగా బాధాకరం. కొత్త మంచు మెత్తగా పడి ఉంటే అదే పాఠం ఆనందంగా సాగుతుంది. మీ తేదీలు మార్చుకోలేకపోవచ్చు గానీ, పాఠం వేళను మధ్యాహ్నానికి దగ్గరగా పెట్టుకోవడం మీ చేతిలో పనే.

సమాధానం 3

నేను ఫిజియోథెరపిస్టును, స్కీయింగ్ కూడా చేస్తాను. మీరు మోకాలి గురించీ చేతుల గురించీ రాశారు కాబట్టి ఆ రెండింటి మీదే మాట్లాడతాను.

స్థూలంగా చెప్పాలంటే స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మోకాలు, స్నోబోర్డింగ్‌లో, ముఖ్యంగా కొత్తవారిలో, ఎక్కువగా దెబ్బతినేది మణికట్టు. మీకు ఉన్న రెండు భయాలూ చెరో వైపు నిలబడ్డాయి. అందువల్ల ఏది సురక్షితం అని కాకుండా, మీరు ఏ ప్రమాదాన్ని బాగా తగ్గించుకోగలరు అని అడగడం మేలు.

మోకాలి సంగతి చూద్దాం. స్కీ పొడవైన మీటలాగా పనిచేస్తుంది. దాని కొస మంచులో చిక్కుకుని పక్కకు తిరిగితే ఆ మెలి అంతా మోకాలి మీదకు వస్తుంది. బూటును స్కీకి బిగించి ఉంచే బైండింగ్‌లు ఈ కారణంగానే నిర్ణీత బలానికి మించి ఒత్తిడి వస్తే బూటును విడిచిపెట్టేలా తయారవుతాయి. ఆ బలాన్ని మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీ అనుభవ స్థాయి ఆధారంగా లెక్కకట్టి అమరుస్తారు. అద్దెకు ఇచ్చేచోట ఫారం నింపేటప్పుడు బరువు విషయంలో గానీ అనుభవం విషయంలో గానీ ఒక్క ముక్క కూడా ఎక్కువ తక్కువ చెప్పకండి. నేర్పు ఎక్కువ ఉందని రాస్తే బైండింగ్ మరింత బిగువుగా అమరుతుంది, పడినప్పుడు విడవదు. అన్నీ నిజమే చెప్పినా నెమ్మదిగా పడిన కొన్ని సందర్భాల్లో బైండింగ్ విడవకపోవచ్చన్నది కూడా తెలుసుకోండి.

మోకాలి ఎముకలను కలిపి ఉంచే కట్లలో ఒకటైన ముందు క్రూసియేట్ లిగమెంట్ తెగే సందర్భాల్లో ఒకటి దగ్గరగా చూడదగినది. మనిషి వెనక్కి పడబోతాడు. తుంటి మోకాళ్ల కంటే కిందికి దిగిపోతుంది. బరువంతా కింది వైపు స్కీ వెనక భాగం లోపలి అంచు మీద పడుతుంది. ఆ స్కీ ఒక్కసారిగా లోపలికి మలుపు తిరుగుతుంది, మోకాలు వంగి ఉండగానే మెలిపడుతుంది. పడిపోకుండా ఉండాలని చేసే ప్రయత్నం, లేదా జారుతూ ఉండగానే లేవాలని చేసే ప్రయత్నం ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. అందుకని వెనక్కి పడుతున్నామని తెలిసినప్పుడు చేతులు ముందుకు తెచ్చుకుని, స్కీలను దగ్గరగా ఉంచి, పక్కకు పడనివ్వండి. పూర్తిగా ఆగేవరకు లేవకండి. ఇది నేర్చుకోగలిగిన విషయమే, కొత్తవారి వేగంలో ఆచరించగలిగిన విషయమే.

బోర్డు మీద రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉండటం వల్ల మోకాలికి ఆ రకమైన మెలి తక్కువ. ఒక పాదం మాత్రమే బిగించి ఉన్న సమయం, అంటే కొండ పైకి చేర్చే లిఫ్ట్ దిగేటప్పుడు, చదునులో నెట్టుకుంటూ వెళ్లేటప్పుడు, దీనికి మినహాయింపు. అప్పుడు బిగించిన కాలి మోకాలు పలకతో పాటు తిరిగే అవకాశం ఉంది, పైగా బోర్డు బైండింగ్‌లు వాటంతట అవి విడవవు. ఇక మణికట్టు. పడబోతున్నప్పుడు అరచేయి చాపడం మనిషికి పుట్టుకతో వచ్చిన అలవాటు, శరీర బరువంతా దాని మీద పడినప్పుడు ఎముక విరగడం సాధారణం. ముందుకు పడితే మోకాళ్ల మీద దిగి, పిడికిళ్లు బిగించి, ముంజేతుల మీద వాలాలి. వెనక్కి పడితే గడ్డాన్ని ఛాతీకి ఆనించి, చేతులు వెనక్కి చాపకుండా, కూర్చుంటూ వీపు మీదకు దొర్లాలి. ఇది చదివి అర్థం చేసుకుంటే చాలదు, ఇంట్లో పరుపు మీద మళ్లీ మళ్లీ చేసి చూడాలి. మణికట్టు రక్షకాలు గాయాలను తగ్గిస్తాయని పరిశోధనల్లో తేలింది. బోర్డు ఎంచుకుంటే అవి లేకుండా కొండ మీదకు వెళ్లవద్దు. రెండింటిలో దేనికైనా హెల్మెట్ తప్పనిసరి.

స్కీయింగ్‌లో చేతులకు ప్రమాదమే లేదని కాదు. స్కీయింగ్ చేసేవారు రెండు చేతుల్లో పట్టుకునే కర్రతో పాటు పడినప్పుడు బొటనవేలి మొదట్లో ఉన్న లిగమెంట్ సాగడం, తెగడం ఎంత మామూలంటే దానికి స్కీయర్ బొటనవేలు అనే పేరే వచ్చింది. పడేటప్పుడు కర్రను వదిలేయడం అలవాటు చేసుకోండి.

మీ మోకాలు మెట్లు దిగేటప్పుడు పట్టేస్తోందంటే తొడ ముందు కండరాలు బలహీనంగా ఉన్నాయేమో చూడాలి. ఇప్పుడే ఒకసారి ఎముకల వైద్యుడికి చూపించి, లిగమెంట్‌లు గట్టిగా ఉన్నాయని నిర్ధారించుకోండి. అవి సరిగా ఉంటే, రెండు మూడు నెలల పాటు గుంజీలు, గోడకు ఆనుకుని కుర్చీ భంగిమలో నిలబడటం, ఒంటికాలి మీద సమతౌల్యం వంటి వ్యాయామాలు క్రమంగా చేస్తే మోకాలు స్కీయింగ్‌కు సిద్ధమవుతుంది. లిగమెంట్ వదులుగా ఉందని వైద్యుడు చెబితే మాత్రం ఈ చలికాలం రెండింటినీ వాయిదా వేయమంటాను.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. కారణాలు తెలిశాక గందరగోళం చాలావరకు తొలగిపోయింది. సగం సగం ఆలోచన విరమించుకున్నాను, వైద్యుడి దగ్గరకు వచ్చే వారమే వెళ్తున్నాను. నా మనసు స్కీల వైపే మొగ్గుతోంది. అయితే స్కీ బూట్లు నరకమని బోర్డు మిత్రులు బెదిరిస్తున్నారు, అది నిజమేనా? స్కీలు వేసుకున్నవారూ బోర్డు మీద ఉన్నవారూ కలిసి ఒకే దారిలో వెళ్లడం కుదురుతుందా, లేక పేరుకే కలిసి వచ్చి ఎవరి దారిన వారు పోవలసి వస్తుందా?

సమాధానం 4

బూట్ల గురించి నేను చెబుతాను, ఎందుకంటే తొలి రోజులు పాడయ్యేది చాలాసార్లు వాటి వల్లే, అయినా దాని గురించి ఎవరూ మాట్లాడరు.

స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ చిప్ప. దానితో నడవడం ఇబ్బందే, మెట్లు ఎక్కడం దిగడం ఇంకా ఇబ్బంది. బోర్డు బూట్లు మెత్తగా ఉంటాయి, వాటితో రోజంతా హాయిగా తిరగవచ్చు. ఈ ఒక్క విషయంలో మీ బోర్డు మిత్రులు చెప్పింది అక్షరాలా నిజం. కానీ స్కీ బూటు బిగువుగా ఉండటానికీ, నొప్పి పెట్టడానికీ తేడా ఉంది. మోకాలు ముందుకు వంచితే ఆ కదలిక వెంటనే స్కీకి చేరాలి కాబట్టి బూటు కాలిని అంటిపెట్టుకునే ఉండాలి. నొప్పి మాత్రం ఉండకూడదు.

బూటు కొలతను పాదం పొడవుగా, సెంటీమీటర్లలోనే చెబుతారు, 26.5 అని ఉంటే అది 26.5 సెంటీమీటర్ల పాదానికి అని అర్థం. బూటు వేసుకుని నిటారుగా నిలబడినప్పుడు వేళ్లు ముందు గోడను తాకీతాకనట్టు ఉండాలి; మోకాళ్లు ముందుకు వంచగానే వేళ్లు కొంచెం వెనక్కి రావాలి, మడమ అసలు లేవకూడదు. మడమ లేస్తుంటే బూటు పెద్దది. సౌకర్యంగా ఉందని పెద్ద బూటు తీసుకున్నవారికే మొదటి రోజు సాయంత్రానికి కాళ్లు ఎక్కువ నొప్పి పెడతాయి, ఎందుకంటే వదులుగా ఉన్న పాదాన్ని ఆపడానికి వేళ్లు ముడుచుకుంటూ, కొక్కేలు మరీ బిగిస్తూ ఉంటారు. ఒకే ఒక్క పలచటి మేజోడు వేసుకోండి. అది మోకాలి కింద వరకు ముడత లేకుండా ఉండాలి, లోపలి ప్యాంటు అంచు గానీ మరేదీ గానీ బూటులోకి దూరకూడదు. రెండు మేజోళ్లు వేస్తే వెచ్చగా ఉంటుందనుకోవడం సరికాదు. రక్తప్రసరణ తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. అద్దె బూట్లు తీసుకున్న చోట కనీసం పది నిమిషాలు వాటితో నిలబడి, వంగి, నడిచి చూడండి. సరిపోకపోతే మార్చమని అడగడానికి మొహమాటపడకండి.

మీ మిత్రులెవరైనా మిమ్మల్ని ఒప్పించి బోర్డు ఎక్కిస్తే, అక్కడ పొడవును ఎత్తు కంటే మీ బరువును బట్టి ఎక్కువగా చూస్తారు. బోర్డు నడుము వెడల్పు పాదానికి సరిపోకపోతే వేళ్లు బయటికి వచ్చి మంచుకు తగులుతాయి, ఇది కూడా గమనించాలి.

సమాధానం 5

కొన్నేళ్లు కొత్తవారికి స్కీయింగ్ నేర్పాను. మీ రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను.

కలిసి వెళ్లవచ్చు, దారి ఎంచుకోవడంలో మాత్రం ఒక జాగ్రత్త కావాలి. చదునుగా పొడవుగా సాగే దారులు బోర్డు వారికి శత్రువులు. వేగం తగ్గితే స్కీలవారు కర్రలతో తోసుకుంటూ, కాళ్లతో స్కేటింగ్ చేసుకుంటూ ముందుకు పోతారు; బోర్డువారు వెనక పాదం విప్పి నెట్టుకుంటూ వెళ్లాలి, లేదా బోర్డు చేతిలో పట్టుకుని నడవాలి. అటువంటి చోట వారికి ముందుగా దారి ఇచ్చి, వేగం తగ్గకుండా వెళ్లనివ్వండి. లిఫ్ట్ పైన దిగాక వారు పాదం బిగించుకునేందుకు కాసేపు ఆగండి. నిలబడి ఉన్నవారిని కడ్డీతో పైకి లాగే టీ-బార్ లిఫ్ట్‌లు కూడా బోర్డు వారికి, ముఖ్యంగా కొత్తవారికి, చాలా ఇబ్బంది. చైర్‌లిఫ్ట్ ఉన్న వైపు ఎంచుకుంటే అందరికీ సుఖం. ఇంకొక విషయం, బోర్డు మీద పక్కకు తిరిగి వెళ్లేవారికి వీపు వైపు జరిగేది కనిపించదు. మీరు వెనక నుంచి వస్తున్నప్పుడు ఆ వైపు నుంచి దగ్గరగా దాటి పోకండి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య ప్రవర్తనా నియమాల ప్రకారం కూడా ముందు ఉన్నవారిదే హక్కు. వెనక నుంచి వచ్చేవారే వారికి ప్రమాదం లేని దారిని ఎంచుకోవాలి.

తొలి రోజు మాత్రం స్నేహితులతో కాదు, శిక్షకుడితో గడపండి. బాగా స్కీయింగ్ చేసే స్నేహితుడు ఎంత మంచివాడైనా తను ఎలా నేర్చుకున్నాడో మరిచిపోయి ఉంటాడు, పైగా తనకు విసుగు పుట్టని వాలు మీదకే మిమ్మల్ని తీసుకెళ్తాడు. కొత్తవారు భయపడి ఈ క్రీడకే దూరమైన సందర్భాలు నేను చూసినంతలో అధికం ఇలా మొదలైనవే. వాలుల రంగు గుర్తులు కూడా అన్ని చోట్లా ఒకటి కావు: ఉత్తర అమెరికాలో ఆకుపచ్చ వృత్తం తేలికైనది, తరువాత నీలి చతురస్రం, ఆపై నల్ల వజ్రం; ఐరోపాలో నీలం, ఎరుపు, నలుపు వరసగా కష్టమవుతాయి, కొన్ని దేశాల్లో నీలానికి ముందు ఆకుపచ్చ కూడా ఉంటుంది. ఆ రంగు ఆ కొండ మీద ఉన్న ఇతర దారులతో పోల్చి ఇచ్చినదే గానీ ప్రపంచమంతటికీ ఒకే కొలత కాదు. ఒకచోటి నీలం మరొకచోటి ఎరుపంత నిటారుగా ఉండవచ్చు.

తరువాత బోర్డుకు మారవచ్చా అని మొదట్లో అడిగారు. నిక్షేపంగా మారవచ్చు. భంగిమ కొత్తగా నేర్చుకోవాలి, పడటం కూడా మళ్లీ మొదలవుతుంది. అయితే అంచు మంచును ఎలా పట్టుకుంటుందో, వేగం ఎలా పెరుగుతుందో, కొండ మీద ఎవరికి దారి ఇవ్వాలో అప్పటికే తెలిసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

వైద్యుడికి చూపించుకున్నాను. లిగమెంట్‌లు గట్టిగానే ఉన్నాయన్నారు, తొడ కండరాలకు వ్యాయామాలు రాసిచ్చారు. స్కీలే ఖాయం చేసుకున్నాను, తొలి రోజుకు శిక్షకుడిని కూడా మాట్లాడుకున్నాను. చివరిగా ఒక్క సందేహం: బొటనవేలి సంగతి చదివాక కర్రల మీద భయం పట్టుకుంది. మొదటి రోజు కర్రలు లేకుండా నేర్చుకోవచ్చా?

సమాధానం 5 రాసినవారు

నేర్చుకోవచ్చు. నిజానికి చాలామంది శిక్షకులు మొదటి పాఠంలో కర్రలు ఇవ్వరు. చేతిలో కర్ర ఉంటే కొత్తవారు వేగం తగ్గించడానికి దాన్నే మంచులో గుచ్చబోతారు, దానివల్ల బరువు వెనక్కి పోతుంది. కర్రలు లేనప్పుడు చేతులను కళ్లకు కనిపించేంత ముందుకు ఉంచుకోండి. చేతులు ముందుంటే బరువు కూడా ముందుకే వస్తుంది. మలుపులు కుదిరాక కర్రలు తీసుకుంటే, లిఫ్ట్ ఎక్కేటప్పుడూ చెట్ల మధ్యకు వెళ్లేటప్పుడూ వాటి పట్టీలను మణికట్టుకు తగిలించుకోకండి.